ఫైండ్ ఏ పీహెచ్‌డీ, యూరాక్సెస్, ఇంకా మిగతా పోర్టల్స్: పద్నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

మొన్న దీపావళికి మా బాబాయ్ కూతురు ఫోన్ చేసింది, ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్, "అక్కా, బయట పీహెచ్‌డీ చేయాలంటే ఎంత లోన్ పెట్టాల్సొస్తుంది" అని అడిగింది. నాకు ఒక నిమిషం మాట రాలేదు. ఎందుకంటే రెండేళ్ళ కింద నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చున్నా, అక్కడ ఒక్కళ్ళు కూడా "లోనెందుకమ్మా, సైన్స్‌లో పీహెచ్‌డీకి వాళ్ళే నెలనెలా డబ్బులిస్తారు, ఫీజు కూడా వాళ్ళే చూసుకుంటారు" అని చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నా. ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ పొజిషన్ వెతకడానికి నేను వాడిన సైట్లు, ఏది ఎంతవరకు పనికొస్తుంది, ఏ లైన్ చదవకపోతే ఎక్కడ దెబ్బతింటాం, అన్నీ చెప్తా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి చెప్తే మీతో పోల్చుకోడానికి ఉంటుంది. గుంటూరు వైపు అమ్మాయిని, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, మార్కులు మరీ గొప్పవేం కాదు, పేపర్ ఒక్కటి కూడా లేదు, ఆరు నెలల ప్రాజెక్టు వర్క్ ఉంది, తర్వాత హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో ఆర్ అండ్ డీలో ఏడాదిన్నర చేశా. 2023 ఆగస్టులో వెతకడం మొదలెడితే 2024 అక్టోబర్‌లో ఆఫర్ వచ్చింది, ఇప్పుడు జర్మనీలో కెటాలిసిస్ మీద పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నా. మధ్యలో ముప్పై ఎనిమిది అప్లికేషన్లు పెట్టా, ఐదు ఇంటర్వ్యూలు వచ్చాయి. అంటే ఐఐటీ, ఐఐఎస్సీ వాళ్ళకి మాత్రమే దొరికేది కాదు ఇది, మా లాంటి మామూలు యూనివర్సిటీ పిల్లలకి కూడా దొరుకుతుంది, కాకపోతే ఎక్కడ చూడాలో మనకి చెప్పేవాళ్ళుండరు.

సరే, ఫైండ్ ఏ పీహెచ్‌డీతో మొదలెడతా, ఎక్కువ కాలం వాడింది అదే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి నడిచే సైట్, మనకి పూర్తిగా ఫ్రీ. యూనివర్సిటీలు అందులో తమ పీహెచ్‌డీ ప్రాజెక్టులకి యాడ్స్ ఇస్తాయి. సబ్జెక్టు, దేశం, ఫండింగ్ ఈ మూడూ ఫిల్టర్ పెట్టి వెతకొచ్చు. నాకు బాగా నచ్చిందేంటంటే మిగతా చోట్లలా "రీసెర్చ్ అసోసియేట్ వాంటెడ్" అని ఒక లైన్ పడేసి వదిలేయరు, ప్రాజెక్టు మొత్తం రాసుంటుంది, ఏ సమస్య మీద పని, ఏ టెక్నిక్స్ నేర్పుతారు, సూపర్‌వైజర్ ఎవరు, వాళ్ళ పేపర్లేంటి, ఎప్పుడు మొదలు, డెడ్‌లైన్ ఎప్పుడు. నేను మొదటి నెల అప్లై చేయడం మానేసి రోజుకి పది యాడ్లు ఊరికే చదివేదాన్ని. దానివల్ల నా సబ్జెక్టులో ఇప్పుడు జనం దేని మీద పనిచేస్తున్నారో తెలిసింది, అది నా రెండేళ్ళ ఎమ్మెస్సీలో కూడా తెలియలేదు. ఫోటోకెటాలిసిస్ అని మా సిలబస్‌లో ఒక పేజీ ఉండేది, ఇక్కడ చూస్తే దాని మీదే ఇరవై ల్యాబులు మనుషుల కోసం వెతుకుతున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి యాడ్ మీద ఫండింగ్ గురించి ఒక చిన్న లైన్ ఉంటుంది, ఆ ఒక్క లైన్ మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. ఫండెడ్, స్టూడెంట్స్ వరల్డ్‌వైడ్ అని ఉంటే డబ్బు రెడీగా ఉంది, మనం కూడా అప్లై చేయొచ్చు. ఫండెడ్, యూకే స్టూడెంట్స్ ఓన్లీ అని ఉంటే డబ్బుంది కానీ మనకి కాదు, అక్కడితో ఆపేసి ఇంకోటి చూసుకోవాలి. కాంపిటీషన్ ఫండెడ్ అంటే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు, ప్రాజెక్టుకి డబ్బు ఇంకా కేటాయించలేదన్నమాట, ఒక డిపార్ట్‌మెంటులో ముప్పై ప్రాజెక్టులు పెట్టి వచ్చిన అప్లికేషన్లలో మంచి పదిమందికి స్కాలర్‌షిప్ ఇస్తారు, ఆ పదిమంది ఎంచుకున్న ప్రాజెక్టులే నడుస్తాయి, మిగతా ఇరవై అలా ఉండిపోతాయి. కాబట్టి సూపర్‌వైజర్‌కి మీరు నచ్చినా సరిపోదు, డిపార్ట్‌మెంట్ మొత్తం మీద జరిగే పోటీలో కూడా నెగ్గాలి. ఇంక సెల్ఫ్ ఫండెడ్ ఓన్లీ అంటే మొత్తం మన జేబులోంచే. సైన్స్ ల్యాబ్ సబ్జెక్టులకి బయటి విద్యార్థుల ఫీజు బ్రిటన్‌లో చాలాచోట్ల ఏడాదికి పాతిక వేల పౌండ్లు దాటిపోతుంది, కొన్నింటికి దాని పైన బెంచ్ ఫీజు అని కెమికల్స్ ఖర్చు కూడా వేస్తారు, పైగా మన తిండీ అద్దే మనమే చూసుకోవాలి. ఆ యాడ్ ఎంత అందంగా ఉన్నా, ప్రొఫెసర్ ఎంత పేరున్నవాడైనా మన మధ్యతరగతి ఇళ్ళకి అది కాదు. దయచేసి పొలం అమ్మొద్దు.

ఈ లైన్ విలువ నాకు ఎలా తెలిసిందంటే, సెప్టెంబర్‌లో ఒక ప్రాజెక్టు చూసి ప్రాణం లేచొచ్చి మూడు రోజులు కూర్చుని అప్లికేషన్ రాశా, మా ప్రాజెక్టు గైడ్ గారిని బతిమాలి రికమెండేషన్ లెటర్ కూడా తెప్పించుకున్నా, పంపాక చూస్తే అది యూకే స్టూడెంట్స్ ఓన్లీ. యాడ్‌లో క్లియర్‌గానే రాసుంది, నేనే ప్రాజెక్టు వివరాలు చదువుతూ ఆ లైన్ దాటేశా. గైడ్ గారి టైమ్ వృథా చేశానే అని చాలా బాధపడ్డా, ఎందుకంటే ఆయన ఒక్కో లెటర్‌కి గంట కూర్చుని రాస్తారు. అప్పట్నుంచి ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకున్నా, మొదటి కాలమే "డబ్బు ఎవరికి", అది నింపకుండా మిగతావి చదవకూడదని రూల్ పెట్టుకున్నా.

బ్రిటన్ గురించి ఇంకొంచెం చెప్పాలి ఎందుకంటే ఫైండ్ ఏ పీహెచ్‌డీలో బ్రిటన్ యాడ్లే ఎక్కువ. అక్కడ ప్రభుత్వ రీసెర్చ్ డబ్బు యూకేఆర్ఐ ద్వారా వస్తుంది. 2025-26కి వాళ్ళు పెట్టిన కనీస స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు, దాని మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు. 2021 నుంచి బయటి దేశాల వాళ్ళు కూడా దీనికి అర్హులే, కానీ ఒక్కో బ్యాచ్‌లో 30 శాతం మించకూడదని పరిమితి ఉంది. అంటే పది సీట్లుంటే మూడింటి కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది, మనం చైనా, ఇరాన్, బ్రెజిల్ పిల్లలతో కలిసి ఆ మూడింటిలో ఉన్నాం. అందుకే అక్కడ రిజెక్షన్ వస్తే మనకి తెలివి లేదని అనుకోకండి, లెక్కే అలా ఉంది. ఇంకోటి, యూకేఆర్ఐ డబ్బు కాకుండా యూనివర్సిటీ సొంత డబ్బుతో ఇచ్చేవాటిలో కొన్నిసార్లు "హోమ్ ఫీజు వరకే ఇస్తాం, తేడా మీరు కట్టుకోవాలి" అని చివరి పేరాలో ఉంటుంది. హోమ్ ఫీజు, అంటే బ్రిటన్ పిల్లలు కట్టేది, ఏడాదికి దాదాపు 5,000 పౌండ్లు, బయటివాళ్ళ ఫీజు పాతిక వేలు, మిగతా ఇరవై వేలు ఎవరిస్తారు? ఫండెడ్ అనే మాట చూసి ఆగిపోకుండా చివరి పేరా వరకు చదవండి. అర్థం కాకపోతే యాడ్ కింద ఉన్న కాంటాక్ట్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టి "ఇండియన్ స్టూడెంట్‌కి పూర్తి ఫీజు కవర్ అవుతుందా" అని అడగండి, నేను అడిగిన ప్రతిసారీ జవాబిచ్చారు. వాళ్ళ పెద్ద డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబర్, జనవరిలో ఉంటాయి కాబట్టి ముందుగానే మొదలెట్టాలి. కెమిస్ట్రీ, మెటీరియల్స్, ఫిజిక్స్‌లో కొన్ని సబ్జెక్టులకి వీసా ముందు ఏటాస్ అనే క్లియరెన్స్ తీసుకోవాలి, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. ఇవే యాడ్లలో చాలావరకు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకేలో కూడా కనిపిస్తాయి, అది వారిక్ యూనివర్సిటీ వాళ్ళు నడిపే సైట్, మామూలుగా లెక్చరర్ ఉద్యోగాల కోసం వాడతారు కానీ అందులో స్టూడెంట్‌షిప్స్ అని విడిగా ఉంటుంది, అక్కడ కూడా ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోండి.

ఇప్పుడు కన్సల్టెన్సీ సంగతి. పేరు చెప్పను, ఒక్కళ్ళని అనడం నా ఉద్దేశం కాదు, పద్ధతి గురించి చెప్తున్నా. నేను కట్టింది 35,000 రూపాయలు, ప్రొఫైల్ చూడడానికి, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే లెటర్) రాయడానికి, ప్రొఫెసర్లకి మెయిల్స్ పెట్టడానికి. ఎస్ఓపీ ఇచ్చారు, అందులో నాకు చిన్నప్పట్నుంచీ సైన్స్ అంటే ఇష్టమని, మా తాతగారి జబ్బు చూసి మందులు కనిపెట్టాలనుకున్నానని రాసుంది, మా తాతయ్య నేను పుట్టకముందే పోయారు. నా మెయిల్ ఐడీ నుంచి రెండు వందల మంది ప్రొఫెసర్లకి ఒకటే మెయిల్ పంపారు. రెండు జవాబులొచ్చాయి, ఒకాయన ఖాళీ లేదన్నారు, ఇంకొకావిడ మెయిల్లో వేరే ప్రొఫెసర్ పేరు ఉందని మర్యాదగా రాశారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా పేరు మీద వెళ్ళిన మెయిల్ కదా అది. తర్వాత వాళ్ళు ఐదు యూనివర్సిటీల లిస్టు ఇచ్చి "అడ్మిషన్ పక్కా" అన్నారు, అన్నీ సెల్ఫ్ ఫండెడ్, బ్యాంకు లోన్ కూడా వాళ్ళే చూసుకుంటామన్నారు.

ఇది ఎందుకలా జరుగుతుందో నాకు చాలా తర్వాత అర్థమైంది. ఏజెంట్లకి మామూలుగా యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది, మనం కట్టే మొదటి ఏడాది ఫీజులో ఇంత శాతం అని. ఫండెడ్ పీహెచ్‌డీలో మనం ఫీజే కట్టం, మరి కమిషన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళకి వాళ్ళ వల్ల ఏదైనా ఉపయోగం ఉంటే ఉండొచ్చు గానీ, ఫండెడ్ పీహెచ్‌డీ మాత్రం మనకి చూపించడం వాళ్ళకి కిట్టుబాటు కాదు. పైగా పీహెచ్‌డీకి మనిషిని తీసుకునేది అడ్మిషన్ ఆఫీసు ఒక్కటే కాదు, ఆ ప్రొఫెసర్ మనతో మూడు నాలుగేళ్ళు ఒకే ల్యాబులో పనిచేయాలి, మన బదులు ఇంకొకళ్ళు మాట్లాడితే ఆయనకేం తెలుస్తుంది? ఆ 35,000 మా నాన్న ఆర్టీసీలో ఓవర్‌టైమ్ చేసిన డబ్బు. ఇది చదివి ఒక్కళ్ళు ఆ డబ్బు మిగుల్చుకున్నా నాకు చాలు.

యూరాక్సెస్‌కి వస్తా. ఇది యూరోపియన్ కమిషన్ పెట్టిన పోర్టల్, నలభైకి పైగా దేశాలున్నాయి, ఇది కూడా ఫ్రీ. మొదటిసారి తెరిస్తే తల తిరుగుతుంది, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసేవి), ప్రొఫెసర్ పోస్టులు, స్కాలర్‌షిప్‌లు అన్నీ ఒకేచోట కలిసి ఉంటాయి. కిటుకేంటంటే రీసెర్చర్ ప్రొఫైల్ అనే ఫిల్టర్‌లో ఫస్ట్ స్టేజ్ రీసెర్చర్, అంటే ఆర్1 పెట్టుకోండి, పీహెచ్‌డీ స్థాయివి మిగులుతాయి. ఇక్కడ ఎక్కువ భాగం ఉద్యోగాలే, అంటే కాంట్రాక్టు, జీతం, హెల్త్ ఇన్సూరెన్స్, సెలవులు. చిన్న దేశాల పొజిషన్లు కూడా ఇక్కడ బాగా కనిపిస్తాయి, స్లోవేనియా, చెక్, పోర్చుగల్, ఎస్తోనియా, మనవాళ్ళు ఎవరూ అటు చూడరు కాబట్టి వదిలేస్తాం, కానీ వాటిలో చాలా మంచి ల్యాబులున్నాయి.

యూరాక్సెస్‌లో నేను అన్నిటికన్నా ముందు చూడమని చెప్పేది మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్స్. ఒక టాపిక్ మీద నాలుగైదు దేశాల యూనివర్సిటీలు, కంపెనీలు కలిసి పది పదిహేను మందిని ఒకేసారి తీసుకుంటాయి, ఒక్కొక్కళ్ళకి ఒక్కో ప్రాజెక్టు, మధ్యలో ఇంకో దేశంలో కొన్ని నెలలు పనిచేసే అవకాశం, జీతం కూడా మామూలు పీహెచ్‌డీ జీతాల కన్నా బాగుంటుంది. ఏ దేశం వాళ్ళయినా అప్లై చేయొచ్చు. ఒక్క షరతు చాలా కచ్చితం, మీరు చేరేరోజుకి వెనక్కి 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. ఇండియాలోనే ఉన్నవాళ్ళకి ఇది వరం. అదే ఫ్రాన్స్‌లో రెండేళ్ళు ఎంఎస్ చేసి వెంటనే ఫ్రాన్స్‌లోనే మేరీ క్యూరీ పొజిషన్‌కి పెడితే కుదరదు, పక్కనున్న బెల్జియంలో పెడితే కుదురుతుంది. యాడ్‌లో చూపించే లివింగ్ అలవెన్స్ అంకె చూసి అంతా చేతికొస్తుందనుకోకండి, అందులోంచే సంస్థ కట్టాల్సిన పీఎఫ్ లాంటివీ మన టాక్సులూ పోతాయి, పైగా దేశాన్ని బట్టి దాన్ని పెంచడం తగ్గించడం ఉంటుంది. అన్నీ పోయినా హాయిగా బతకొచ్చు.

దేశాల సొంత సైట్ల గురించి త్వరగా చెప్పేస్తా. నెదర్లాండ్స్‌కి అకడమిక్ ట్రాన్స్‌ఫర్, అక్కడ పీహెచ్‌డీ అంటే యూనివర్సిటీ ఉద్యోగి, మామూలుగా నాలుగేళ్ళు, 2024 చివర్లో నేను చూసిన యాడ్లలో మొదటి ఏడాది గ్రాస్ నెలకి దాదాపు 2,900 యూరోలు, ఏటా పెరుగుతుంది, ప్రతి యాడ్‌లో ఆ అంకె రాసే ఉంటుంది, ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. నార్వేకి జాబ్‌నార్గే. స్వీడన్‌కి ఒక్కో యూనివర్సిటీ వేకెన్సీ పేజీ చూసుకోవాలి, అక్కడ కూడా ఉద్యోగమే, నాలుగేళ్ళు, టీచింగ్ కలిపితే ఐదు వరకు వెళ్తుంది. వీటన్నిటిలో నేను గమనించింది, అప్లికేషన్ ఫీజు లేదు, పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా "ఫండెడ్ పీహెచ్‌డీ కన్ఫర్మ్ అయింది, ప్రాసెసింగ్ కింద ఇంత పంపండి" అని మెయిల్ పెడితే అది దొంగ మెయిల్, ఆలోచించకుండా డిలీట్ చేయండి.

జర్మనీ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్తా, నేను ఉన్న చోటు కాబట్టి. ఇక్కడ రెండు దారులు. ఒకటి మాక్స్ ప్లాంక్ అనే పెద్ద రీసెర్చ్ సంస్థ వాళ్ళ ఐఎంపీఆర్ఎస్ అనే పీహెచ్‌డీ స్కూళ్ళు, 2000లో మొదలయ్యాయి, ఇప్పుడు అరవైకి పైగా ఉన్నాయి, ఆస్ట్రానమీ నుంచి న్యూరోసైన్స్ వరకు ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో స్కూలు, అంతా ఇంగ్లిష్‌లోనే, ఏడాదికోసారి అప్లికేషన్ పెట్టి షార్ట్‌లిస్ట్ చేసి ఇంటర్వ్యూకి పిలుస్తారు. పోటీ చాలా ఎక్కువ, కానీ ఒక్క అప్లికేషన్‌తో పదిహేను ఇరవై గ్రూపులకి ఒకేసారి కనబడతాం. రెండోది నేరుగా ఒక ప్రొఫెసర్ గ్రూపులో పొజిషన్. ఇక్కడ యాడ్‌లో టీవీ-ఎల్ ఈ13, 50 శాతం లేదా 65 శాతం అని ఉంటుంది, మొదటిసారి చూసినప్పుడు నాకు అస్సలు అర్థం కాలేదు. ఈ13 అనేది ప్రభుత్వ జీతాల స్కేల్, మన పేరివిజన్ స్కేళ్ళ లాంటిది, పూర్తి ఈ13 మొదటి స్టేజ్ 2025లో నెలకి సుమారు 4,600 యూరోల గ్రాస్, అందులో ఎంత శాతం ఇస్తారన్నదే ఆ అంకె. శాతం తక్కువైనా పని మాత్రం ఫుల్ టైమే ఉంటుంది, అది ముందే తెలుసుకుని రండి. నాది మూడింట రెండు వంతులు, టాక్సు, ఇన్సూరెన్స్ పోను చేతికి రెండు వేల యూరోల పైచిలుకు వస్తుంది. అద్దె, తిండి, బస్సు పాసు పోను నెలకి నాలుగైదు వందలు ఇంటికి పంపగలుగుతున్నా. ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొద్దిపాటి కాంట్రిబ్యూషన్ ఒకటే. కాంట్రాక్టు లెటర్ చేతిలో ఉంది కాబట్టి ఎంఎస్ పిల్లల్లా బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతా) పది లక్షల పైన చూపించాల్సిన పని కూడా నాకు రాలేదు. మా అమ్మకి ఇది అర్థం చేయించడానికే నెల పట్టింది, "చదువుకుంటుంటే జీతం ఇవ్వడమేంటే, ఏం పని చేయించుకుంటారు నీతో" అని రోజూ అడిగేది. మొదటి నెల డబ్బు పంపాక అడగడం మానేసింది.

అయితే నా పొజిషన్ ఏ పోర్టల్లోనూ దొరకలేదు, ఇది నిజాయితీగా చెప్పాలి. ఫైండ్ ఏ పీహెచ్‌డీలో ఒక యాడ్ నచ్చింది, డెడ్‌లైన్ అయిపోయింది. కానీ అందులో సూపర్‌వైజర్ రాసిన పేపర్ వెతికి చదివితే అందులో ఇంకో జర్మన్ గ్రూపు పేరు కనబడింది, వాళ్ళ వెబ్‌సైట్‌కి వెళ్తే ఓపెన్ పొజిషన్స్ అని ఒక పేజీ, అందులో పీడీఎఫ్‌గా యాడ్, ఇంకా పన్నెండు రోజులుంది. గ్రూపు పేజీలో తప్ప బయట ఎక్కడా లేదు. పోర్టల్స్‌లోకి అన్నీ రావు, యాడ్ ఇవ్వడానికి డబ్బూ టైమూ పెట్టేవాళ్ళవే వస్తాయి. అందుకని పోర్టల్‌లో వెతకడం సగం పని అనుకోండి, యాడ్ మూసేసినా ఆ ప్రొఫెసర్ పేరు రాసుకోండి, ఆయనతో కలిసి పేపర్లు రాసినవాళ్ళెవరో చూడండి, వాళ్ళ గ్రూపు పేజీలు పదిహేను రోజులకోసారి తెరవండి. నేను అలా నలభై రెండు గ్రూపుల లిస్టు పెట్టుకున్నా.

మెయిల్ గురించి అందరూ అడుగుతారు. కన్సల్టెన్సీ మెయిల్ తర్వాత నేను సొంతంగా రాసినవి మొత్తం పంతొమ్మిది, ఏడింటికి జవాబొచ్చింది. పది లైన్లు దాటలేదు. నేనెవర్ని, ఇప్పటిదాకా చేత్తో ఏం చేశా (కాలమ్ క్రొమటోగ్రఫీ, ఎన్ఎంఆర్, హెచ్‌పీఎల్‌సీ, పల్లాడియం కప్లింగ్‌లు), మీ ఫలానా పేపర్లో ఫలానా విషయం చదివా, అందులో నాకొచ్చిన ఒక సందేహం ఇది, పీహెచ్‌డీ ఖాళీ ఉందా లేక రాబోతోందా, సీవీ జత చేశా, అంతే. ఆ సందేహం నిజంగా మనకొచ్చిన సందేహమే అయ్యుండాలి, అది రాయాలంటే పేపర్ మొత్తం చదవక తప్పదు, ఒక్కో మెయిల్‌కి నాకు ఒక ఆదివారం పట్టేది. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అనేవి వాళ్ళకి రోజూ డజన్లకొద్దీ వస్తాయి, తెరవకుండానే తీసేస్తారు. ఫార్మాలో చేసిన ఏడాదిన్నర వేస్టు అనుకున్నా గానీ, ఇంటర్వ్యూలో అందరూ దాని గురించే అడిగారు, రియాక్షన్ ఫెయిలైతే ఏం చేసేవాళ్ళు, స్కేలప్‌లో ఏం సమస్యలొచ్చాయి అని. కాబట్టి ఉద్యోగం చేసేవాళ్ళు వెనక్కి తగ్గకండి.

ఇంటర్వ్యూ వస్తే ఒకటి తప్పకుండా చేయండి, ప్రొఫెసర్ లేకుండా ఆ గ్రూపులో పిల్లలతో అరగంట మాట్లాడతానని అడగండి. మంచి గ్రూపులు వాళ్ళే ఏర్పాటు చేస్తారు. వీకెండ్స్ వస్తారా, ఇంతకుముందువాళ్ళు ఎన్నేళ్ళలో పూర్తి చేశారు, మధ్యలో మానేసినవాళ్ళున్నారా, కాంట్రాక్టు అయిపోయాక డబ్బు సంగతేంటి, ఈ నాలుగూ అడగండి. నాకు దీనికన్నా ముందు ఒక ఆఫర్ వచ్చే సూచన ఉండింది, అక్కడి అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది, నేను ఆ ల్యాబుకి థాంక్స్ చెప్పి వదిలేశా. ఇంట్లో అందరూ వచ్చిన అవకాశం పోగొట్టుకుంటావా అన్నారు, నాలుగేళ్ళు అక్కడ ఉండాల్సింది నేను కదా.

అమెరికా నేను ట్రై చేయలేదు, మా రూమ్మేట్ చేసింది కాబట్టి తెలిసినంత చెప్తా. అక్కడ ప్రాజెక్టు వారీ యాడ్స్ తక్కువ, డిపార్ట్‌మెంట్‌కి అప్లై చేయాలి, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) లేదా ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్)గా స్టైపెండ్, ఫీజు వేవర్ వస్తాయి, ఐదారేళ్ళు పడుతుంది, బీటెక్ లేదా నాలుగేళ్ళ డిగ్రీ తర్వాత కూడా నేరుగా తీసుకుంటారు. డెడ్‌లైన్లు ఎక్కువ డిసెంబర్ మొదట్లో, ఆఫర్‌కి జవాబు చెప్పడానికి చాలా యూనివర్సిటీల్లో ఏప్రిల్ 15 వరకు టైమిస్తారు. ఒక్కో అప్లికేషన్‌కి ఫీజు ఉంటుంది, పది పెడితే అదే డెబ్బై ఎనభై వేలు. 2025లో ఫెడరల్ నిధుల కోతలతో కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి కూడా. అమెరికాకి పెట్టినా దాని పక్కన ఇంకోటి పెట్టుకోండి.

ఇంక మన దగ్గర. బయటికెళ్ళడమే గొప్ప అని నేను అనను, చాలా గట్టిగా చెప్తున్నా. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ 42,000, దాని పైన హెచ్ఆర్ఏ, 2023 జనవరి నుంచి ఈ రేట్లు. గేట్, జెస్ట్, బయాలజీ వాళ్ళకి జీబిల్స్ అనే ఎంట్రన్స్‌ల ద్వారా కూడా సీట్లొస్తాయి. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ అయితే మొదటి రెండేళ్ళు నెలకి 70,000, చివర్లో 80,000 వరకు ఇచ్చేలా పెట్టారు. హైదరాబాద్ ఒక్క ఊళ్ళో హబ్సిగూడ సీసీఎంబీ, తార్నాక ఐఐసీటీ, ఉప్పల్ వైపు ఎన్‌జీఆర్ఐ, సీడీఎఫ్‌డీ, గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, ఊరి బయట కందిలో ఐఐటీ, ఇన్ని ఉన్నాయి, ఇంత సైన్స్ ఒకచోట ఉన్న ఊళ్ళు దేశంలో చాలా తక్కువ. తిరుపతిలో ఐసర్, ఐఐటీ రెండూ ఉన్నాయి. సీఎస్ఐఆర్ ల్యాబుల్లో పీహెచ్‌డీ ఏసీఎస్ఐఆర్ అనే వాళ్ళ అకాడమీ ద్వారా రిజిస్టర్ అవుతుంది, ఏడాదికి రెండుసార్లు, జనవరికీ ఆగస్టుకీ, అడ్మిషన్లు ఉంటాయి. వీటన్నిటికీ ఫైండ్ ఏ పీహెచ్‌డీ లాంటి ఒక్క పోర్టల్ లేదు, ఒక్కో సంస్థ సైట్ ఒక్కోలా ఉంటుంది, నోటిఫికేషన్ పదిహేను రోజులుండి పోతుంది, ఎవరైనా వాట్సాప్‌లో పెడితే తెలుస్తుంది లేకపోతే లేదు. విజయనగరంలోనో ఆదిలాబాద్‌లోనో ఎమ్మెస్సీ చదివే పిల్లకి ఆ వాట్సాప్ గ్రూపు ఎక్కడ దొరుకుతుంది? మన సంస్థల ఖాళీలన్నీ ఒకే చోట, ఎవరు అర్హులు, నెలకి ఎంత, డెడ్‌లైన్ ఎప్పుడు అని పెట్టే పోర్టల్ ఒకటి మనకీ ఉండాలి, డచ్‌వాళ్ళ సైట్ చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది.

రేటింగ్ అడిగితే, ఫైండ్ ఏ పీహెచ్‌డీకి ఐదుకి నాలుగు, ప్రాజెక్టు వివరాలు రాసే పద్ధతికి పూర్తి మార్కులు, బ్రిటన్ బయట తక్కువ ఉంటాయి కాబట్టి ఒకటి తగ్గించా. యూరాక్సెస్‌కి మూడున్నర, వెతకడం కష్టం కానీ మేరీ క్యూరీ కోసం తప్పనిసరి. అకడమిక్ ట్రాన్స్‌ఫర్‌కి నాలుగున్నర. ఐఎంపీఆర్ఎస్‌కి రేటింగ్ ఇవ్వను, నాకు రాలేదు, కానీ అందరూ పెట్టండి. కన్సల్టెన్సీకి పెట్టే డబ్బుతో ఐఈఎల్‌టీఎస్ రాసుకోండి, ఇంకా మిగుల్తాయి.

మా చెల్లి ఫోన్ పెట్టేసిన రోజే అలర్ట్స్ పెట్టుకుంది. నిన్న రెండు యాడ్లు పంపింది, రెండూ బ్యాటరీ మెటీరియల్స్ మీదే. మొదటిది యూకే స్టూడెంట్స్ ఓన్లీ, తనే చూసి కొట్టేసింది. రెండోది వరల్డ్‌వైడ్, ఫీజు పూర్తిగా కవర్, జనవరి 8 డెడ్‌లైన్. ఆదివారం సీవీ పంపుతానంది, ఈలోపు ఆ సూపర్‌వైజర్ పేపర్ ఒకటి చదివి అందులో అర్థం కానిది ఏంటో రాసి పంపమన్నా.